పట్టుగౌను పీలికలు

మా పోద్గోరా ఊళ్ళో పొలోనా అంటే అందరికీ కాస్త హడలే. ఆమె ఎవరినీ తిట్టదు, ఎవరితోనూ తగువు పెట్టుకోదు. చూస్తుంది, అంతే. ఆదివారం పూజ అయ్యాక గుడి వాకిట్లో నిలబడి, ఎవరి చొక్కాకి గుండీ ఊడిందో, ఎవరి పావడా అంచు వంకరగా మడిచారో, ఏ కొత్త కోడలి రవికకి పక్క కుట్లు ఈమధ్యే వదులు చేశారో ఒక్క చూపులో పట్టేస్తుంది. పైకి ఒక్క మాట అనదు. కానీ ఆ చూపు పడ్డ మనిషి ఇంటికెళ్ళి సూదీ దారం తీయాల్సిందే.

కొండమీది మరియమాత గుడిలో బట్టలన్నీ ఆమె చేతివే. పీఠం మీద పరిచే తెల్లగుడ్డ దగ్గర్నుంచి గురువుగారు పూజకి వేసుకునే వస్త్రం దాకా ఆమె కుట్టాల్సిందే, చినిగితే ఆమె బాగుచేయాల్సిందే. చిన్నప్పుడు ల్యుబ్ల్యానా పట్నంలో ఒక మఠంలో, సన్యాసినుల దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకుంది. పని ఒక్కటే నేర్చుకుని వచ్చి ఉంటే ఎంత బాగుండేది! పనితోపాటు నియమాలు కూడా మూట కట్టుకుని వచ్చింది. పీఠం గుడ్డ ఉతికిన నీళ్ళు వీధిలో పారబోయకూడదు. గుడి బట్ట కుట్టే సూదితో ఇంటి బట్ట కుట్టకూడదు. గుడి దారం పంటితో తెంపకూడదు. వీటిలో కొన్ని నిజంగా ఉన్నవే, కొన్ని ఆమె సొంతంగా పెట్టుకున్నవి. ఏవి ఏవో ఆమెకే తెలియదు. ఆ తెలియకపోవడానికి ఆమె కట్టిన మూల్యం గురించే ఈ కథ.

ఆమెకి పద్దెనిమిదేళ్ళప్పుడు తల్లి పోయింది. తండ్రి అంతకుముందే పోయాడు. మఠం నుంచి ఇంటికొచ్చేసరికి ఆరేళ్ళ చెల్లెలు నేజా ఆరిపోయిన పొయ్యి పక్కన కూర్చుని పచ్చి టర్నిప్ దుంప కొరుక్కుంటోంది. ఆ రోజునుంచి నేజాకి అమ్మా నాన్నా అక్కే. సంకటి చల్లార్చి పెట్టింది, పేలు చూసింది, జ్వరమొస్తే లిండెన్ పూల కషాయం కాచి పట్టింది. పక్క ఊళ్ళో తేనెటీగలు పెంచే మతియా, పొలోనాని చేసుకుంటానని రెండేళ్ళు తిరిగాడు. "చెల్లెలు కాస్త పెద్దదవ్వనీ" అంది. నేజా పెద్దదయ్యేసరికి మతియాకి ఇద్దరు పిల్లలు. ఆ సంగతి పొలోనా ఎన్నడూ ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఇరవై ఒకటో ఏట నేజాని బోష్ట్యాన్ అనే వడ్రంగికిచ్చి పెళ్ళి చేసింది. పెళ్ళిబట్టలు తనే కుట్టింది. రవిక అంచున పూలు వేయడానికి శీతాకాలమంతా పట్టింది.

మహారాణి గౌను ఆ మరుసటి ఏడు వచ్చింది.

వియన్నాలో ఉండి మమ్మల్నేలే మరియా తెరెసా మహారాణిని మా కొండల్లో వాళ్ళు చూసిందెన్నడూ లేదు. ఆవిడ ప్రష్యా రాజుతో యుద్ధం చేస్తోందని తెలుసు, ఎందుకంటే ఆ యుద్ధానికి పట్టుకుపోయేది మా పిల్లల్నే. ఆవిడ పదహారు మందిని కన్నదనీ తెలుసు. మా ఆడవాళ్ళకి మొదటి సంగతి కన్నా ఈ రెండోదే పెద్దది. పదహారు కాన్పులు! మా ఊళ్ళో ఆడది పురిటి మంచం ఎక్కేముందు పాపాలు ఒప్పుకుని మరీ ఎక్కేది, దిగుతుందో లేదో తెలియదు గనుక. అలాంటి మంచం పదహారు సార్లు ఎక్కి, పదహారు సార్లు దిగి, రాజ్యం ఏలుకుంటున్న మనిషంటే వాళ్ళకి మరియమాత తర్వాత ఆవిడే.

ఆ రోజుల్లో రాణులూ గొప్పింటి ఆడవాళ్ళూ తాము వేసుకుని విడిచిన పట్టుబట్టలు మరియమాత గుళ్ళకి మొక్కుగా పంపేవారు. వాటిని విప్పి పూజావస్త్రాలు కుట్టించుకోవడం రివాజు. మహారాణి గౌనొకటి ఎన్ని చేతులు మారిందో ఏమో, ఇంకా మంచు కరగని ఒక ఉదయం గడ్డి పరిచిన పెట్టెలో మా కొండకి చేరింది. గాష్పర్ గురువుగారు, అప్పటికే డెబ్భై దాటిన మనిషి, ఆ పెట్టె మోయించుకుని స్వయంగా పొలోనా గుమ్మం ఎక్కారు.

"ఈస్టర్ పండక్కి కావాలి పొలోనా."

"నాలుగు వారాలే ఉంది గురువుగారూ."

"అందుకేగా నీ దగ్గరికి తెచ్చింది. ఇంకొకరైతే వచ్చే ఏడాది ఈస్టర్‌కని చెప్పేవాణ్ణి."

పొలోనా మెచ్చుకోలుకి లొంగే మనిషి కాదని ఊళ్ళో అనుకునేవారు. అది ఒట్టి మాట. గురువుగారు వెళ్ళేలోపే ఆమె బల్ల తుడిచేసింది.

గౌను విప్పడానికి సాయంగా నేజా వచ్చింది. ఎనిమిదో నెల. కిటికీ పక్క బల్లమీద గౌను పరిస్తే గదంతా వెలుగొచ్చింది. తెల్లటి పట్టు, దానిమీద బంగారు జరీతో పెద్ద పెద్ద పూలు. నేజా అక్కలాంటిది కాదు, నోరు ఒక చోట ఉండదు. చంక దగ్గర లోపలి గుడ్డ తిరగేసి చూసి పకపకా నవ్వింది.

"అక్కోయ్, ఇటు చూడు! మహారాణిగారికి కూడా చంకల్లో చెమట పడుతుందే!"

"నోర్ముయ్. అది గుడి గుడ్డ."

"ఇప్పుడైంది గుడి గుడ్డ. చెమట పట్టినప్పుడు ఆవిడ గుడ్డేగా."

"విప్పవే ముందు."

కుడిచేతి అంచు మడతలో చిన్న సిరా మరక కనబడింది. పొలోనా దానిమీద వేలు పెట్టి, "రాసుకుంటూ చెయ్యి కాగితం మీద ఈడ్చేసినట్టుంది పాపం" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు కూడా కాస్త మెత్తబడింది. తర్వాత పక్క కుట్లు విప్పారు. అక్కడ సూది బెజ్జాలు ఒక్క వరస కాదు, అయిదు వరసలున్నాయి. గౌనుని వదులు చేశారు, మళ్ళీ బిగించారు, మళ్ళీ వదులు చేశారు. కుట్టుపని తెలిసిన వాళ్ళకి అది చదవడం పెద్ద పని కాదు. నేజా ఆ వరసల మీద వేలు నడిపించింది, ఆమె నవ్వు ఆగిపోయింది.

"అక్కా, దీంట్లో నాకు బెత్తెడు ముక్క ఇవ్వవూ?"

"దేనికే?"

"నొప్పులప్పుడు నడుముకి కట్టుకుంటాను. ఎవరికీ కనబడకుండా చొక్కా లోపల. ఆవిడ ఇన్నిసార్లు కని లేచి తిరుగుతోంది. నాకు ఒక్కసారి లేస్తే చాలు."

"పిచ్చి వాగుడు వాగకు."

"భయమేస్తోందక్కా."

నేజా ఆ మాట అనడం పొలోనా అంతకుముందు ఎన్నడూ వినలేదు. అయినా కుట్టు విప్పుతున్న చెయ్యి ఆపలేదు. "ఇది దేవుడి గుడ్డ. దారప్పోగైనా బయటికి పోకూడదు. మిగిలిన పీలికలు కాల్చి ఆ బూడిద పీఠం పక్క గుంటలో పోయాలి. మఠంలో అంతే" అంది.

"ఎవరికీ చెప్పను కదా."

"నీకిస్తే, చెల్లెలు కాబట్టి ఇచ్చింది అంటారు. ఊళ్ళో అందరికన్నా నీకే ముందు కాదనాలి నేను."

"సర్లే, తల్లీ, సర్లే. అడిగాననుకోకు" అంది నేజా. మళ్ళీ తల వంచుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆ పూట ఇంక జోకులు వేయలేదు.

పొలోనాది భక్తి అని ఊళ్ళో అనుకునేవారు. భక్తి లేదని నేనూ అనను. కానీ ఆ కాదనడంలో భక్తి పావలా వంతే. మిగిలింది, గుడి పని చేసే పొలోనా చెల్లెలిక్కూడా వంగదు అనిపించుకోవాలన్న అహం. ఈ మాట ఆమె తనంతట తనే ఒప్పుకోవడానికి జీవితంలో సగం గడిచిపోయింది.

గౌను కత్తిరించారు. వెనక పలకకి ఒక ముక్క, ముందుకి రెండు, గురువుగారు మెడలో వేసుకునే పట్టీకి ఒక పొడుగు ముక్క. మిగిలిన పీలికల్ని పొలోనా మూట కట్టి చెక్కపెట్టెలో పెట్టింది. కాల్చాలని చెప్పిందే కానీ కాల్చలేకపోయింది. ఏ కుట్టుపనిమనిషైనా మిగిలిన ముక్కల్ని అతుకులకి దాచుకుంటుంది. అంత మంచి పట్టుని మంటలో వేయడానికి చెయ్యి రాలేదు. రేపు, ఎల్లుండి అంటూ వారాలు గడిపేసింది.

ఈస్టర్‌కి ముందు మంగళవారం నేజాకి నొప్పులు మొదలయ్యాయి. పొలోనా సాయంత్రం దాకా అక్కడే ఉంది. తొలిచూలు కదా, రేపటికి గానీ తెమలదని మంత్రసాని అంటే, పూజావస్త్రం చివరి అంచు కుట్టడానికి ఇంటికొచ్చింది. బుధవారం పొద్దు బాగా ఎక్కాక, ఆమె చెక్కపెట్టె మీద కూర్చుని అంచు కుడుతోంది, బోష్ట్యాన్ తలుపు తోసుకుని వచ్చాడు. బక్కపలచటి మనిషి. టోపీ చేతిలో నలిపేస్తున్నాడు.

"వదినా, బిడ్డ దిగటం లేదంట. నేజా ఒకటే కలవరిస్తోంది, మహారాణి గుడ్డ, మహారాణి గుడ్డ అని. నీ దగ్గర పీలికలున్నాయంట కదా. ఇంత ముక్క ఇవ్వు వదినా, వేలెడైనా చాలు."

పీలికల మూట ఆమె కూర్చున్న పెట్టెలోనే ఉంది. లేచి మూత ఎత్తితే సరిపోయేది. కానీ నాలుగు వారాల కింద అంత గట్టిగా చెప్పిన మాటని వెనక్కి తీసుకోవడం పొలోనాకి చేతకాలేదు.

"లేవయ్యా. కాల్చేశాను."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

బోష్ట్యాన్ అనుమానించలేదు. అనుమానించే మనిషి కాడు. "ఛ, నా బుద్ధి గడ్డి తిని, వారం ముందే అడగాల్సింది" అని తనని తనే తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషి అబద్ధం ఆడితే, దాన్ని నిజం చేసేదాకా నిలవలేదు. పొలోనా తలుపు గడియ వేసి, పెట్టె తెరిచి, మూట విప్పకుండానే పొయ్యిలో పడేసింది. పట్టు వెంట్రుకల కంపు కొట్టుకుంటూ కాలింది. జరీ పోగులు ఒక పట్టాన కాలక ముడుచుకుపోయాయి. అవి నల్లబడేదాకా ఇనుప ఊచతో కదుపుతూ కూర్చుంది, చెల్లెలు నాలుగిళ్ళ అవతల నొప్పులు పడుతుండగా. తర్వాత పరిగెత్తింది.

నేజా మొహం మైనంలా పాలిపోయి ఉంది. అక్కని చూడగానే, "తెచ్చావా?" అంది.

"లేవే అమ్మా. కాల్చేశాను."

"బోష్ట్యాన్ చెప్పాడులే. అయినా తెస్తావనుకున్నా" అంది నేజా. "ఆడపిల్లయితే ఆవిడ పేరు పెట్టు."

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. బతికింది. నేజాకి రక్తం ఆగలేదు. సాయంకాలం గంటలు కొట్టేవేళకి ఆమె లేదు. ఇరవై రెండేళ్ళు.

ఆదివారం ఈస్టర్ పూజకి గాష్పర్ గురువుగారు కొత్త వస్త్రం వేసుకుని పీఠం ముందు నిలబడితే జనం ఊపిరి బిగపట్టి చూశారు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం పొలోనాని చూశారు. "పాపం, వారం ముందే కాల్చేసిందంట. ఉంటే ఇచ్చేది కాదూ, సొంత చెల్లెలాయె" అని చెవులు కొరుక్కున్నారు. అంతవరకూ ఆమెకి జడిసినవాళ్ళు ఆ రోజునుంచి ఆమె మీద జాలిపడటం మొదలుపెట్టారు. ఆ జాలి ఆమెకి ముల్లులా గుచ్చుకునేది. పాపసంకీర్తనకి, అంటే గురువుగారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి వెళ్ళి, "ఒక అబద్ధం ఆడాను స్వామీ" అని చెప్పుకుంది. ఏమిటా అబద్ధం అని గురువుగారు అడగలేదు, ఆమే చెప్పలేదు. మూడు జపాలు చెప్పుకోమన్నారు. ఆమె మూడొందలు చెప్పుకుంది. ఏమీ తేలిక కాలేదు.

పిల్లకి తెరెజియా అని పేరు పెట్టి రెజ్కా అని పిలుచుకున్నారు. బోష్ట్యాన్ రెండేళ్ళకి ఇంకో పెళ్ళి చేసుకుని లోయ అవతలికి వెళ్ళిపోయాడు. రెజ్కాని పొలోనాయే అరచేతుల్లో పెట్టుకుని పెంచింది. నేజాకి చేసిన సంకటే, చూసిన పేలే, కాచిన కషాయమే, రెండోసారి. పిల్లకి నేజా నవ్వు వచ్చింది. బల్ల కింద కూర్చుని దారాలు చుడుతూ అప్పుడప్పుడూ అడిగేది.

"పెద్దమ్మా, మా అమ్మ ఆ గుడ్డ ఎందుకడిగింది?"

"భయపడింది తల్లీ."

"నువ్వెందుకివ్వలేదు?"

"అప్పటికే కాల్చేశాగా."

ఒకసారి ఆడిన అబద్ధం ఇలా ఏడాదికి నాలుగైదు సార్లు ఆడాల్సి వచ్చేది.

మహారాణి మాత్రం మా ఊళ్ళోకి వస్తూనే ఉండేది, మనిషి రాకపోయినా. ఒక ఏడు నల్లరంగు డబ్బా పట్టుకుని మనుషులొచ్చి ఇంటింటికీ తలుపు మీద అంకె వేసిపోయారు. మేము మనుషులమా గొర్రెలమా అని ముసలాళ్ళు విసుక్కున్నారు. ఇంకో ఏడు పిల్లల్ని బడికి పంపకపోతే ఊరుకోమన్నారు. మరి పశువుల్ని ఎవరు కాస్తారు, ఆవిడ వచ్చి కాస్తుందా అన్నారు. తర్వాత ల్యుబ్ల్యానాలో చదువుకుని, ముద్ర వేసిన కాగితం పట్టుకుని మార్యాన అనే మంత్రసాని వచ్చింది. "కాగితం చూపిస్తే బిడ్డ బయటికొస్తాడా?" అని మొదట్లో ఆడవాళ్ళు వెక్కిరించారు. మార్యాన ముందు చేతులు వేడినీళ్ళలో కడుక్కుని, తర్వాతే మంచం దగ్గరికి వెళ్ళేది. అయిదేళ్ళు తిరిగేసరికి వెక్కిరించిన వాళ్ళే ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. మంత్రసానులకి చదువు చెప్పాలని మహారాణి ఉత్తరువిచ్చింది నేజా పోకముందేనని మార్యాన చెబితేనే తెలిసింది. గౌను మాత్రం వియన్నా నుంచి నాలుగు నెలల్లో మా కొండకి చేరింది, మంత్రసాని మా ఊరు చేరడానికి ఇరవై ఏళ్ళకి తక్కువ పట్టలేదు. ఈ ముక్క తలుచుకున్నప్పుడల్లా నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకో సంగతి కూడా పొలోనా చెవిన పడింది. మహారాణి కన్న పదహారు మందిలో ఆరుగురు తల్లి బతికుండగానే పోయారట. ఆ మాట విన్న రోజు పొలోనా సూది పక్కన పెట్టేసింది. ఆ అయిదు వరసల కుట్లలో ఏది ఏ బిడ్డదో, ఆ బిడ్డల్లో ఎందరు మిగిలారో! ఆ గుడ్డకి మహిమేమీ లేదని అప్పుడు ఆమెకి అర్థమైంది. అర్థమైనా నేజా అడిగిన గొంతు చెవుల్లోంచి పోలేదు.

ఒక్క ఆధారం మాత్రం మిగిలింది ఆమెకి. నేను అబద్ధమాడాను, కఠినంగా ఉన్నాను, కానీ దేవుడి నియమం తప్పలేదు అనుకునేది. గుడి గుడ్డని గుడి గుడ్డగానే ఉంచాను అనుకునేది. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది.

నవంబరు చివర్లో మహారాణి పోయింది. కబురు మా కొండకి డిసెంబరులో వచ్చింది. మూడు రోజులు గంటలు కొట్టారు. అప్పటికి గాష్పర్ గురువుగారు లేరు. ఫ్లోర్యాన్ అనే కుర్ర గురువుగారొచ్చి ఏడాదైంది. నవ్వుమొహం, తొందర మనిషి. గుడి మధ్యలో మహారాణి పేరున ఖాళీ శవపేటిక ఒకటి పెట్టి, దానిమీద మహారాణి పట్టుతో కుట్టిన వస్త్రం పరవాలని ఆయనకి తోచింది. బీరువాలోంచి తీయించి వెలుగులో చూస్తే, భుజాల దగ్గర పట్టు చివికిపోయి లోపలి నారబట్ట కనబడుతోంది. పొలోనాకి కబురు పెట్టారు.

"పొలోనమ్మా, అప్పటి పీలికలేమైనా దాచావా? ఇదే పట్టుతో అతుకు వేస్తే తెలియకుండా పోతుంది."

"లేవు గురువుగారూ. అప్పుడే కాల్చేశాను. బూడిద పీఠం పక్క గుంటలో పోశాను."

"పీలికల్నా? దేనికి?"

"గుడి గుడ్డ కదా. మఠంలో అలాగే చెప్పారు."

ఆయన నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. "మఠంలో చెప్పింది పాతబడి చిరిగిన పూజావస్త్రాల గురించయి ఉంటుంది. దీవించినవాటిని అలా కాలుస్తాం, నిజమే. కుట్టడం అయ్యాక దీవిస్తేనే కదమ్మా అది పూజావస్త్రమయ్యేది? అంతదాకా ఉత్త పట్టుగుడ్డ. మిగిలిన పీలికలకి దీవెనా లేదు, దోషమూ లేదు. మా ఊళ్ళో అయితే ఆడవాళ్ళు ఎగబడి పట్టుకెళ్ళి పెళ్ళికూతుళ్ళ టోపీలకి కుట్టేవాళ్ళు. బంగారంలాంటి పట్టు, అన్యాయంగా కాల్చేశావు!"

అని, కొవ్వొత్తులు ఎన్ని కావాలో చూడటానికి లోపలికి వెళ్ళిపోయారు.

పొలోనా ఆ వస్త్రం ఒళ్ళో పరుచుకుని చివికిన చోట్లు కొలవడం మొదలుపెట్టింది. అడగాల్సింది. అంతే కదా. గాష్పర్ గురువుగారు వారానికి రెండుసార్లు ఆమె గుమ్మం ముందు నుంచే వెళ్ళేవారు. గురువుగారూ, మా చెల్లెలు ఒక ముక్క అడుగుతోంది, ఇవ్వొచ్చా అని ఒక్క మాట అడిగి ఉంటే, ఇచ్చెయ్యి, దానికేం అని ఉండేవారు. అడిగితే తనకి తెలియదని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు. దేవుడు వద్దనని దాన్ని దేవుడి పేరు చెప్పి చెల్లెలికి కాదంది. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. వేరే తెల్లపట్టు తెచ్చి అతుకులు వేసింది. కుట్లు వంకరపోయాయి. చూసినవాళ్ళు వయసు మీద పడిందిలే అనుకున్నారు.

మహారాణి ఆత్మశాంతి పూజ అయిన మర్నాడు మధ్యాహ్నం రెజ్కా వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళు, కాపురం ఆ ఊళ్ళోనే. ఇప్పుడు ఎనిమిదో నెల. అక్రోటు గింజలు చుట్టిన రొట్టె గుడ్డలో కట్టి తెచ్చింది.

"ఏంటి పెద్దమ్మా, మూడు రోజులైంది మొహం చూపించి? మహారాణి పోయిందని నువ్వు కూడా మంచం పట్టావేంటి?"

"రా తల్లీ, కూర్చో. మెట్లు జారుతున్నాయి, ఎందుకొచ్చావు?"

"నువ్వు రాకపోతే నేను రావాలిగా. నీ మనవడో మనవరాలో రాత్రంతా తంతూనే ఉంది" అని రెజ్కా బల్ల పక్కన ఆయాసంగా కూర్చుంది. "గురువుగారు నిన్నేదో అన్నారంటగా, పీలికలు కాల్చక్కర్లేదని? మార్యాన చెప్పింది. దానికి కుమిలిపోతున్నావా? నీకేం తెలుసు పాపం. అమ్మ అడిగేసరికే అవి లేవాయె. ఉంటే ఇచ్చేదానివని ఊరంతటికీ తెలుసు."

పొలోనా రొట్టె కట్టిన గుడ్డ ముడి విప్పి, చాకు ఆమె ముందుకి జరిపింది.

"నేనొకటి చెప్దామని వచ్చా. పురిటికి మార్యాన వస్తుంది, సరే. కానీ తలదగ్గర నువ్వుండాలి. మా అత్తగారు వద్దు, ఇంకెవరూ వద్దు. నువ్వు పక్కనుంటే నాకు భయముండదు."

ఇరవై రెండేళ్ళలో ఎన్నోసార్లు దాటేసిన మాట ఆ రోజు పొలోనా దాటలేకపోయింది. ఎవరైనా తిట్టి ఉంటే దాటేసేదేమో. నమ్మి అడిగేసరికి చేతకాలేదు.

"ఉన్నాయి తల్లీ" అంది.

"ఏంటి?"

"పీలికలు. మీ నాన్న వచ్చి అడిగినప్పుడు ఉన్నాయి. నేను కూర్చున్న పెట్టెలోనే ఉన్నాయి. లేవని చెప్పాను. ఆయన వెళ్ళాక కాల్చాను."

రెజ్కా రొట్టె కోయబోతూ చాకు కింద పెట్టేసింది. వీధిలో ఎవరో మంచు ఊడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"అమ్మ ఎన్నిసార్లు అడిగింది?"

"మూడుసార్లు. ఒకసారి ఈ బల్ల దగ్గర. ఒకసారి మీ నాన్నతో చెప్పించి. ఒకసారి మంచం మీద నుంచి."

"మంచం మీద నుంచి అడిగితే ఏం చెప్పావు?"

"కాల్చేశానన్నాను."

"ఏమంది?"

"అయినా తెస్తావనుకున్నా అంది."

రెజ్కా రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కిటికీ వైపు చూసింది. ఏడవలేదు. నేజాలా నవ్వే మనిషి నవ్వు మానేస్తే మొహం ఎంత కొత్తగా ఉంటుందో పొలోనా అప్పుడే చూసింది.

"ముక్క కట్టినా చచ్చిపోయేది పెద్దమ్మా. గుడ్డతో రక్తం ఆగుతుందా?"

"ఆగదు. నాకు తెలుసు. కానీ అక్కని అడిగితే ఇచ్చిందనుకుని పోయేది. అది కూడా దక్కనివ్వలేదు నేను. దానికి నేనేం చేసినా తీరదు. క్షమించమని కూడా నిన్ను అడగను, అడగాల్సింది దాన్ని."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్ను ఇలా చూస్తావని."

రెజ్కా మెల్లగా లేచింది. శాలువా కప్పుకుని, ముడి వేసుకోవడానికి రెండు మూడుసార్లు తడబడింది. పొలోనా సాయం చేయబోయి ఆగిపోయింది.

"నువ్వు నన్ను పెంచావు. అది నేను మర్చిపోను, మర్చిపోమన్నా మర్చిపోను" అంది రెజ్కా. "కానీ పురిటికి రావద్దు పెద్దమ్మా. నొప్పుల్లో మనిషి ఏది పడితే అది అడుగుతుంది. నేనేదైనా అడిగితే నువ్వేం చెప్తావో, అది నిజమో కాదో అనుకుంటూ నేను పడుకోలేను."

అడిగినవన్నీ ఇస్తాను, ప్రాణమైనా ఇస్తాను అందామనుకుంది పొలోనా. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. నేజా కూడా అక్క ఇస్తుందనే నమ్మిందని గుర్తొచ్చి మింగేసింది.

"సరే తల్లీ" అంది.

"పిల్ల పుట్టాక కబురు పెడతాను."

"పెట్టు. మార్యాన చెయ్యి మంచిది."

రెజ్కా తలుపు తీసింది. గుమ్మం ముందు మెట్ల మీద మంచు గట్టిపడి గాజులా మెరుస్తోంది. పొలోనా గబగబా వెనకే వచ్చి, పట్టుకోమని చెయ్యి చాచింది. రెజ్కా ఆ చేతిని చూసింది, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది.